ఫ్యాన్ గాలికి తేలిన చదువు

నా పరువు తీసింది ఒక టేబుల్ ఫ్యాన్. పరువును తీసుకెళ్లి దాని ముందు పెట్టింది మాత్రం నేనే. ఆ ఘోరం వినండి.

నర్సింహులపేట దగ్గర ఒక తండా బడిలో ఒకటో తరగతి చెప్పడానికి కొత్తగా చేరాను. నా తెలివి మీద నాకు అపారమైన నమ్మకం. బడి ఆవరణలోనే అంగన్‌వాడీ. అక్కడి టీచరు సుజాతక్క చిన్నపిల్లల చేత చింతగింజలు ఏరించేది, కథలు చెప్పించేది. చూస్తే నాకు ఒళ్లు మండేది.

"అక్కా, గింజలాడితె చదువొస్తదా?"

"ఆడుకుంటనే వస్తది సార్. జర ఓపిక పట్టున్రి."

ఓపికా, నాకా! తల్లిదండ్రుల సమావేశానికి జనగామలో ప్రైవేటు నర్సరీ బడికి వెళ్లే మా ఐదేళ్ల కొడుకు చిన్నును వెంట తీసుకెళ్లాను. రెండు వారాలు ఒకే పుస్తకం ఇంట్లో రుద్దించి మరీ తెచ్చానన్న సంగతి ఎవరికీ చెప్పలేదు.

"ఆటలు బంజేసి, పిల్లల్ని ప్రైవేటు నర్సరీకి పంపున్రి. మావోడు ఎట్ల చదువుతడో సూడున్రి!"

బుజ్జి అనే తల్లి పరేషాన్ అయింది. ఆమె కూతురు అంజలి పోయిన వారమే అంగన్‌వాడీ నుంచి నా తరగతికి వచ్చింది. కొడుకు ఇంకా అక్కడే ఉన్నాడు. "సిన్నోణ్ని రేపే మాన్పిస్త సార్" అంది. సుజాతక్క ముఖం వాడిపోయింది.

చిన్ను పుస్తకం తెరిచి అందుకున్నాడు. "ఏనుగు వచ్చింది. అరటిపండు తిన్నది." అంతలో బల్ల మీది ఫ్యాన్ గాలికి పేజీ తిరిగింది. ఏనుగు పోయి కప్ప వచ్చింది. మావాడు మాత్రం "ఏనుగు తొండం ఊపింది" అంటూనే ఉన్నాడు!

"సార్, గీడ ఏనుగు లేదు" అంది తల్లి పక్క నుంచి తొంగిచూసిన అంజలి.

బొమ్మ చూసి ఎవరైనా చెబుతారు లెమ్మనుకుని, "అయితే నువ్వు చదువు" అన్నాను, గెలిచినట్టే.

ఆ పిల్ల వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "కప్ప... గొడుగు... అడిగింది." ఆగి, కిసుక్కున నవ్వింది. తల్లి వైపు తిరిగి లంబాడీలో చెప్పింది. బుజ్జి కూడా పకపకా నవ్వింది. ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్ల తెలుగు చదివి, అర్థం చేసుకుని, తన భాషలో తల్లిని నవ్వించింది! అంతటి అద్భుతాన్ని నేను అంతవరకు చూడలేదు.

"సిన్నోణ్ని మాన్పియ్య సార్" అంది బుజ్జి. సుజాతక్క చింతగింజల డబ్బా మూత తీసింది.

చిన్ను నా చొక్కా లాగాడు. "డాడీ, నేను గూడ గింజలాడుకుంట."

అందుకే ఆ చింతగింజల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఎవరి పిల్లలు చదువుతున్నారన్నా, ముందు ఫ్యాన్ వేయించి గానీ నమ్మను. మావాడి విషయంలో అయితే రెండు ఫ్యాన్లు.