పాతాళగరిగె పట్టిన చెయ్యి

నా చిన్నప్పుడు, సోమందేపల్లి దగ్గర మా ఊరి బావిలో ఏం పడినా జనం మా అవ్వ కోసమే వచ్చేవాళ్ళు. పాతాళగరిగె ఆమె దగ్గరే ఉండేది. ఇనుప చట్రానికి చుట్టూ కొక్కేలు, పైన పొడుగాటి తాడు. దాన్ని బావిలోకి దించి, మునిగిపోయిన బిందెలనూ చేదలనూ పైకి లాగేది.

వయసు మీదపడి అవ్వ వేళ్ళకు తిమ్మిరి పట్టింది. నన్ను మూడో తరగతితో బడి మానిపించి ఉన్నారు కాబట్టి తాడు నా చేతికిచ్చింది. కొక్కేలను నా గోర్లే అనుకోమంది. మొదట్లో నాకు తాడు ఒరుసుకున్న మంట తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. నెలలు పోయాక అరచెయ్యి సంగతే మరిచిపోయాను. బావి అడుగున ఇత్తడి తగిలిందా, రాయి తగిలిందా, బురదా అన్నది కొక్కేల దగ్గరే తెలిసేది. నా చెయ్యి అంత పొడుగైనట్టుండేది.

ఒకరోజు పొద్దున్నుంచి పక్కింటి అక్క కనపడలేదు. ముందురోజు ఇంట్లో గొడవైందట. ఆమె బిందె ఖాళీగా బావి గట్టు మీద ఉంది. మధ్యాహ్నానికి ఊరంతా అక్కడ చేరింది. అక్క తల్లి నా ఎదురుగానే గట్టు పట్టుకుని నిలబడింది. అవ్వ గరిగె దించమంది.

మెత్తగా ఏదో తగులుకుంది. అప్పుడు నా చూపు ఆ తల్లి ముఖం మీదే ఉంది.

"అక్క ఉండాది" అన్నాను.

ఆ తల్లి నిలబడినచోటే కూలిపోయింది.

అవ్వ నా భుజం గట్టిగా పట్టుకుంది. "కండ్లు మూసుకో. తాడు చెప్తాండాదా, నీ బయ్యం చెప్తాండాదా? మళ్ళా చూడు" అంది.

కళ్ళు మూసుకున్నాను. మెల్లగా అటు ఇటు లాగి చూశాను. మెత్తదనం నిజమే. కానీ ఎటు లాగితే అటు మడత పడుతోంది. లోపల ఎముక లేదు.

"బట్ట అవ్వా. ఉత్త బట్టే."

నలుగురూ పట్టి లాగితే నల్లగా నాని కుళ్ళిన బొంత ఒకటి పైకి వచ్చింది. ఎవరో ఎప్పుడో పారేసింది.

అక్క సాయంత్రం బస్సు దిగింది. ధర్మవరంలో మగ్గాల పని అడగడానికి పోయిందట. ఊరు ఊపిరి పీల్చుకుంది. ఆ తల్లి మాత్రం కూతురి చేతులూ మెడా తడిమి చూసుకుంటూనే ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె ఆ బావి నీళ్ళు ముట్టలేదు. బోరింగు ఊరికి అటు చివర ఉన్నా అక్కడికే నడిచేది. ఎదురుపడితే నా చేతుల వైపు చూసి పక్కకు తప్పుకునేది. అవ్వ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మరుసటి రోజు కూడా తాడు నా చేతికే ఇచ్చింది.

ఇప్పుడు నేనూ అవ్వనయ్యాను. కొడవలి పట్టినా, సూది పట్టినా నా చెయ్యి దాని కొన దాకా పోతుంది. నా భయమూ దాంతోపాటే పోతుందని ఆ రోజు తెలుసుకున్నాను. ఇంటికి రావలసినవాళ్ళు రాకపోతే, ఎవరికైనా ఒళ్ళు కాలుతుంటే, అందరూ నా ముఖమే చూస్తారు. నేను రెండోసారి చెయ్యి వేసి చూసేదాకా నోరు విప్పను. రాతిగుండెదంటారు. అననీ.