సాయంత్రం కూడా నడిపించిన దేవుడు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, ఈ మైకు దగ్గర నేను నిలబడటం ఇది రెండోసారి. మొదటిసారి ఏమైందో గుర్తున్నవాళ్ళు గుర్తు చేసుకుంటూనే ఉన్నారు, గుర్తులేని వాళ్ళకు నేనే చెబుతాను, ఎందుకంటే ఆ అవమానంలో నుంచే దేవుడు నన్ను చెయ్యి పట్టి బయటికి తీసుకొచ్చాడు.

మా అమ్మాయి జెస్సీ బడికి పోవడం మొదలుపెట్టిన ఏడాదే కాళ్ళ బాధ మొదలైంది. పొద్దున లేచి ఇల్లంతా గంతులేసే పిల్ల, బడి నుంచి వచ్చేసరికి ఎడమ పాదం లోపలికి తిరిగిపోయి, గోడ పట్టుకుని నడిచి, దీపాలు పెట్టే వేళకు అడుగు వేయలేక కూలబడిపోయేది. ఎనుమాముల మార్కెట్లో మిర్చి దుకాణంలో పనిచేసే మావారు వచ్చి భుజాన ఎత్తుకుంటే, ఆయన చొక్కాకున్న ఘాటుకు అది తుమ్ముతూ నవ్వేది, నేను వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని.

హనుమకొండలో మేము ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. తొందరగా పోతే టోకెన్ ముందు దొరుకుతుందని ఎప్పుడూ పొద్దున్నే పోయేవాళ్ళం, నడవమ్మా అనగానే జెస్సీ ఆ గదిలో చక్కగా నడిచి చూపించేది, డాక్టర్లు కాల్షియం రాసి, బడి ఎగ్గొట్టడానికి నటిస్తోందేమో చూడమనేవారు. ఆదివారం పొద్దున అది సండే స్కూలు గదిలో ఉండేది కాబట్టి, మీరేమో దాన్ని సాయంత్రం గృహకూటాల్లో వాళ్ళ నాన్న భుజం మీదే చూసి కన్నీళ్ళతో ప్రార్థించేవారు. ఒకే పిల్ల, వాళ్ళకు ఏ జబ్బూ లేనిది, మీకు నడవలేనిది.

ఉపవాస ప్రార్థనలు ముగిసిన ఆ ఆదివారం పొద్దున ఆరాధనలో జెస్సీ నా చెయ్యి వదిలి వేదిక దాకా నడిచింది, నేను మైకు అందుకుని నా బిడ్డ బాగైపోయిందని సాక్ష్యం చెప్పేశాను, మీరంతా చప్పట్లు కొట్టారు. పొద్దున అది ఎప్పుడూ బాగానే ఉంటుందని నాకు తెలియదా? తెలుసు. కానీ ఆశ పడ్డ తల్లికి తెలిసినవేవీ గుర్తుకు రావు. ఆ సాయంత్రమే మా గేటు దగ్గర, ఎదురింటివాళ్ళు చూస్తుండగా పడిపోయింది. ఆ తర్వాత నేను మందిరానికి రావడం మానేశాను. దేవుడి మీద కోపం, నా మీద అంతకు రెట్టింపు కోపం.

అప్పుడు మన పాస్టరమ్మగారు మా ఇంటికి వచ్చి, ఓదారుస్తారనుకుంటే మందలించారు. "నా బిడ్డను ముట్టు ప్రభువా అని ఒక్క ముక్కల చెప్పి లేస్తానవు. ఆయనకు తెల్వదని కాదు బిడ్డా, నీకు తెలిసేటట్టు చెప్పు. పొద్దుగాల ఎట్లుంటది, పొద్దూకినంక ఎట్లయితాంది, అన్ని చెప్పుకుంట అడుగు" అన్నారు.

మోకరించి అలాగే అడిగాను. "తండ్రీ, నా బిడ్డ పొద్దుగాల మంచిగ ఉరుకుతది. బడి నుంచి వచ్చేటాళ్లకు పాదం లోపలికి తిరుగుతది, పొద్దూకినంక నిలవడలేదు. నడుమ జరసేపు పండుకుంటే మళ్ళ నడుస్తది. నిద్రల నువ్వేమిస్తానవు ప్రభువా, పగటీలి నువ్విచ్చింది ఏడికి పోతాంది? నాకు చూపెట్టు."

సహోదరులారా, నేను డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. ప్రపంచంలో ఎక్కడెక్కడో కనుక్కున్న జీన్ల సంగతులు, ప్రొటీన్ల సంగతులు ఒకచోట వెతుక్కోవడానికి సెర్చ్ ఇంజిన్లు ఉంటాయి; జీను పేరు కొడితే అది ఏ ప్రొటీను తయారుచేస్తుందో, ఆ ప్రొటీను ఏం పని చేస్తుందో, అది లోపిస్తే ఏ జబ్బు వస్తుందో చూపిస్తాయి. ఏటేటా పిల్లలచేత ఈగ కంటి రంగు జీను వెతికించి, మార్కులు వేసి ఇంటికి పోయేదాన్ని. ముందు పేరు తెలిస్తేనే వెతకాలన్నది నా అలవాటు, నా బిడ్డ బాధకేమో పేరే లేదు. ఆ మర్నాడు ప్రాక్టికల్ క్లాసు అయ్యాక, జీను పేరు కొట్టాల్సిన చోట ప్రార్థనలో చెప్పిన మాటలే ఇంగ్లిషులో కొట్టాను.

పాదం లోపలికి తిరగడం, సాయంత్రానికి ఎక్కువవడం, నిద్రపోతే తగ్గడం, అన్నీ మా ఇంట్లో కూర్చుని చూసినట్టే రాసి ఉన్నాయి. కింద ఒక జీను పేరు. అది చేసే ప్రొటీను సరిగా లేకపోతే మెదడుకు కావలసిన ఒక రసాయనం తక్కువగా తయారవుతుందట. నిద్రలో కాస్త కూడుతుంది, పగలంతా ఆటలో ఖర్చయిపోతుంది. నేను దేవుణ్ణి అడిగిన ప్రశ్నకు జవాబు అది. దీనికి మందు ఉందని కూడా ఉంది. కుర్చీలోనే తల వంచి ఏడ్చాను.

ఒకసారి తొందరపడ్డదాన్ని కాబట్టి ఈసారి డాక్టరుగారే తేల్చాలనుకున్నాను. పిల్లల నరాల డాక్టరుగారి దగ్గరికి సాయంత్రం తీసుకుపోయాం. ఆయన జెస్సీ పాదం చూసి, ఆ వివరాలు ప్రింటు తీసి నేను తెచ్చిన కాగితం చదివి, "ఇన్నాళ్ళు పాపను పొద్దుగాలనే ఎందుకు తిప్పిండ్రు మేడమ్?" అన్నారు. టోకెన్ కోసమండీ అన్నాను. జీను పరీక్షకు రక్తం పంపించి, వణుకుడు జబ్బున్న పెద్దవాళ్ళకిచ్చే మాత్రలో చిన్న ముక్క రాశారు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మావారు దుకాణం నుంచి వచ్చి ఎప్పటిలాగే వంగి చేతులు చాపితే, "వద్దు డాడీ, నేనే నడుస్తా" అని గేటు దాకా పోయి వచ్చింది. తర్వాత పరీక్షలో కూడా ఆ జీనులోనే తేడా ఉందని తేలింది. దేవునికే మహిమ కలుగును గాక.

రోజూ మాత్ర వేసుకుంటే అది స్వస్థత ఎలా అవుతుందని కొందరు అడిగారు. అన్నం కూడా రోజూ తింటున్నాం, దేవుడిచ్చాడనే కదా చెప్పుకుంటున్నాం. ఎక్కడో ఏ దేశంలోనో ఒక తల్లి తన బిడ్డ గురించి విడమరిచి చెబితే, ఎవరో ఓపికగా రాసి అందరికీ దొరికేలా పెట్టారు. వాళ్ళ పేర్లు నాకు తెలియవు, రోజూ వాళ్ళ కోసం ప్రార్థిస్తాను. మా జెస్సీ వివరాలు కూడా పేరు లేకుండా అందులో చేర్చడానికి ఒప్పుకున్నాం.

మీ ఇంట్లో పేరు తెలియని బాధ ఉంటే సిగ్గుపడకండి, ఉన్నదున్నట్టు దేవునికి చెప్పండి, అవే మాటలు డాక్టరుకు చెప్పండి. దేవుడు వింటాడు, నమ్మండి. పాస్టరుగారు ఆదివారం పొద్దున చెప్పమంటే నేనే వద్దని ఈ సాయంకాల కూటం అడిగాను. అదుగో, వెనకాల చెప్పుల దగ్గర పిల్లలతో ఉరుకుతూ గోల చేస్తున్నది మా జెస్సీయే. ఈ ఒక్క సాయంత్రానికి, దయచేసి, ఎవరూ దాన్ని కూర్చోమనకండి.