నల్ల విమానం, ఉమ్ సలాల్ నీళ్ళ ట్యాంకు

ఇరవై నాలుగేళ్ళ వయసులో మనిషికి ప్రపంచంలో ఏదో ఒక్క సంగతి క్షుణ్ణంగా తెలిసి ఉంటుంది. తెలియని సంగతులన్నిటికీ దాంతోనే జవాబు చెప్పేస్తుంటాడు. ఆ రోజుల్లో నాకు తెలిసిన ఆ ఒక్క సంగతి బ్లాక్‌బర్డ్. పేరు పిట్టదే గానీ అది పిట్ట కాదు. పరాయి దేశాల మీద ఎగిరి ఫొటోలు తీసుకొచ్చిన అమెరికా గూఢచారి విమానం. నల్లగా, సన్నగా ఉంటుంది. ధ్వనికి మూడు రెట్ల వేగం. వెనక క్షిపణి వస్తే భయపడి పక్కకు తప్పుకోదు, ఇంకాస్త వేగం పెంచుతుంది, అంతే. నేను ఉద్యోగంలో చేరేనాటికే అది మ్యూజియాల్లో దుమ్ము పట్టి ఉంది. (ప్రేమకు అవతలివాళ్ళు రిటైరయ్యారన్న పట్టింపు ఉండదు.) దోహాలో నీళ్ళ ట్యాంకులు బిగించే ఓ చిన్న కంపెనీలో ట్రైనీ ఇంజనీరుగా చేరి, ట్యాంకుల గురించి నేర్చుకోవలసిన నెలల్లో కనపడ్డవాళ్ళందరికీ ఆ విమానం గురించి నేర్పేశాను.

మా ఆఫీసు మెసైమీర్‌లో ఉండేది. మేనేజరుగారిది కాకినాడ వైపు. ప్రతి మాట చివరా ‘ఆయ్’ అంటారని ఆయన్ని చాటుగా ఆయ్‌గారు అని పిలుచుకునేవాళ్ళం. ఫోర్‌మన్‌ది జగిత్యాల దగ్గర పల్లె, అందరికీ కాకా. పొద్దున్నే మేముండే క్యాంపు నుంచి సైటుకి వ్యాన్లో వెళ్ళేటప్పుడు మిగతావాళ్ళంతా నిద్రపోయేవాళ్ళు. కాకా ఒక్కడే కళ్ళు తెరుచుకుని నా ఉపన్యాసం వినేవాడు. ఒకరోజు నాకు అత్యంత ఇష్టమైన ఘట్టం అతనికి చెప్పాను. ఆ విమానం నేల మీద నిలబడి ఉంటే రేకుల సందుల్లోంచి ఇంధనం బొట్లుబొట్లుగా కారుతుంది. లోపం కాదు, కావాలనే అలా వదులుగా బిగించారు. పైకి లేచి వేగం అందుకున్నాక గాలి రాపిడికి ఒళ్ళంతా వేడెక్కి, రేకులు వ్యాకోచించి, సందులన్నీ మూసుకుపోతాయి.

“గట్ల కారితే అంటుకోదా సార్?”

“అగ్గిపుల్ల వేసినా అంటుకోదు కాకా, అది వేరే ఇంధనం.”

“అబ్బ! ఏం తెలివి సార్ ఆళ్ళది!” అని కాకా చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నా మాట ఒకరి మనసులో అంత లోతుగా దిగడం నాకదే మొదటిసారి.

ఆ తర్వాత వచ్చిందే దోహా పక్కనున్న ఉమ్ సలాల్ పని. అక్కడ ఓ ఖతర్ పెద్దాయన తోటలో పలకలు పక్కపక్కన పెట్టి బోల్టులతో బిగించే పెద్ద ట్యాంకు కట్టాలి. ఆయన్ని అందరూ బాబా అనేవారు. “ఈ ఒక్కటీ శుభ్రంగా అప్పజెప్పేసి వచ్చారనుకోండి, మీ ప్రొబేషను అయిపోయినట్టే, ఆయ్. తేడా వచ్చిందో, ఇంటికి టిక్కెట్టు మేమే కొనిపెడతామండి, ఆయ్,” అన్నారు మేనేజరుగారు చిరునవ్వుతో. కాకా బృందం ట్యాంకు నిలబెట్టింది. నీళ్ళు నింపే రోజున నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను.

మోకాలెత్తు నిండేసరికి ట్యాంకుకి చెమటలు పట్టాయి. నడుమెత్తు వచ్చేసరికి అన్ని అతుకుల్లోంచీ నీళ్ళు చిమ్మడం మొదలైంది. బాబాగారి మేకలు పరుగున వచ్చి వరసలో నిలబడి తాగసాగాయి. నేను ట్యాంకు చుట్టూ పరుగులు పెడుతున్నాను. కాకా మాత్రం నీడలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

“కానియ్ సార్, ఇంక ఎండెక్కలే. జర ఎక్కనియ్, అన్ని మూసుకుంటయ్.”

“ఏం మూసుకుంటాయి కాకా?”

“సందులు. బోల్టులు ఒదులుగ ఇడిసిన. నువ్వే చెప్తివి గద సార్! గంత పెద్ద ఇమానానికే పనిజేసింది, గీ ట్యాంకెంత?”

జీవితంలో నాకు దొరికిన మొదటి శిష్యుడు. అతన్ని ఏమనను? ఆ విమానం కాగేంత వేడి మన ఎండకెక్కడిదని నేను నోరు తెరిచేలోపే బాబాగారి తెల్లబండి వచ్చి ఆగింది.

ఆయన దిగి, ట్యాంకుని చూసి, మేకల్ని చూసి, నన్ను చూశారు. “యే క్యా హై, ముహందిస్?” అన్నారు, పనివాళ్ళతో మాట్లాడే అరబ్బీ కలిసిన హిందీలో. ముహందిస్ అంటే ఇంజనీరు. బుద్ధున్నవాడైతే క్షమించమనేవాడు. నేను నిటారుగా నిలబడి, నాకొచ్చిన హిందీలో, చేతులు రెక్కల్లా చాచి, ప్రపంచంలో నంబర్‌వన్ తయ్యారా కూడా ఇలాగే కారుతుందని మొదలుపెట్టాను. (అరబ్బీలో విమానాన్ని తయ్యారా అంటారు.)

“తయ్యారా?” అన్నారు ఆయన ఆశ్చర్యంగా.

వెనక నుంచి కాకా ఎగిరి లేచాడు. “తయార్, బాబా! ఏక్‌దమ్ తయార్!”

బాబాగారు కాకా వైపూ, నీళ్ళ ధారల వైపూ మార్చి మార్చి చూశారు. నేను ఆగలేదు. మొత్తం చెప్పేశాను. అంతా విని ఆయన గడ్డం నిమురుకున్నారు.

“జమీన్ పే లీక్, ఊపర్ మాఫీ లీక్?” (మాఫీ అంటే లేదని.)

“అవును బాబా. పైకెగిరితే చుక్క కారదు.”

“జైన్, జైన్,” (అంటే భేష్, భేష్) అని తలూపి, ట్యాంకుని చేత్తో ఓసారి తట్టి, “మేరా ట్యాంకీ కబ్ ఉడేగా?” అన్నారు. ఆయన కుర్చీ తెప్పించుకుని ఖర్జూరం చెట్టు నీడలో కూర్చుని, “యల్లా, ఉడావో. మై దేఖేగా,” అన్నారు, ఇక కానీ, ఎగరెయ్, చూస్తానన్నట్టు.

ఇక చేసేదేముంది? ఉన్న నీళ్ళు గడ్డి మడికి వదిలేశాం. ఎండ తగ్గాక కాకా బయట నుంచి బోల్టులు బిగిస్తుంటే, నేను చొక్కా విప్పి, లోపలికి దిగి అతుకులకి సీలెంట్ పూశాను. ఆ ఆవిరిలో వ్యాకోచించింది నా మొహం ఒక్కటే. “సార్, ఉన్నవా?” అని కాకా మధ్యమధ్య బయట నుంచి తట్టేవాడు. బయటికొచ్చేసరికి బాబాగారు నాకు చల్లటి లబన్ ఇచ్చారు, అంటే చిక్కటి మజ్జిగ. ఆ విమానం పనేమిటని అడిగారు. పరాయివాళ్ళ నేల మీద ఏం జరుగుతోందో పైనుంచి చూసి రావడమన్నాను. ఆయన చాలాసేపు నవ్వారు. పక్క తోటలో ఏం జరుగుతోందో తన డ్రైవరు రోజూ ఊరికే చెబుతాడట, నల్లరంగు కూడా అక్కర్లేదట.

మర్నాడు మళ్ళీ నింపాం. అతుకు అతుకునా అరచేయి రాసి చూశాడు కాకా. పొడి. మేకలు వచ్చి, నిరాశపడి వెళ్ళిపోయాయి. సాయంత్రం మేనేజరుగారు పిలిచారు. “ఆయన ఫోన్ చేశారండి. పని బానే ఉందంట. వాళ్ళ తమ్ముడి తోటకీ మిమ్మల్నే పంపమన్నారు. కాకపోతే ముందు బోల్టులు బిగించి, ఆనక కథ చెప్పమన్నారు. ఏం కథండీ, ఆయ్?” నేను కుర్చీ లాక్కుని కూర్చుని, ఆయనకీ మొదట్నుంచీ చెప్పాను. అంతా విని నా ప్రొబేషను కాగితం మీద సంతకం పెట్టేశారు. ఇష్టపడే పెట్టారో, ఇంక వినలేక పెట్టారో ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు మేం దోహాలోనే అల్ తుమామాలో ఉంటున్నాం. నా కింద ఇంజనీర్లున్నారు. నేను చెప్పేది తక్కువ, సంతకాలు పెట్టేది ఎక్కువ. మొన్న డిసెంబరులో ఖతర్ జాతీయ దినం విన్యాసాల రిహార్సల్‌కి జెట్లు మా మేడ మీదుగా చెవులు చిల్లులు పడేలా దూసుకుపోయాయి. మా ఆవిడ బట్టలు ఆరేస్తూ తలెత్తి, “అవేం విమానాలండీ?” అంది. నేనూ తలెత్తి చూశాను. తెలియదన్నాను. అప్పటి కుర్రాడైతే వాటి పేరు, వేగం, పుట్టుపూర్వోత్తరాలు అన్నీ చెప్పేవాడు. అడక్కపోయినా చెప్పేవాడు. ఆవిడ చేతిలోని బట్టలు చేతిలోనే ఆరిపోయేవి.