మూడు మంజూ డబ్బాలూ ఒక గరగరా

హతనాకా యసుజీ గారికి డెబ్బై నాలుగేళ్లు. ఇంట్లోనే సొంత రేడియో స్టేషను పెట్టుకుని, నలభై ఏళ్లలో ఊరి రేడియోలకు అడ్డుపడిన గరగరలు ఇరవై ఏడింటిని పట్టుకున్న మనిషి. చేపల తొట్టె హీటరు, కరెంటు దుప్పటి, మంగలి షాపు గుర్తు దీపం, ఏదీ ఆయన చేతిలోంచి తప్పించుకోలేదు. ఊరి రేడియో క్లబ్బులో చేరినవాళ్లకు ఆయన నేర్పే మొదటి పాఠం ఒక్కటే: "ముందు నీ ఇంటి మెయిను ఆపి, బ్యాటరీ రేడియో పెట్టి విను. ఆ తర్వాతే పొరుగింటి గడప తొక్కు."

ఆ ఆదివారం పదింటికి హొక్కైడోలో ఉన్న మిత్రుడు కకిజాకితో పదిహేను వందలోసారి మాట్లాడాలి. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క వారం తప్పలేదు. కకిజాకిది చిన్న సెట్టు, గొంతు దోమంత వినిపిస్తుంది. నాలుగు రోజులుగా ఏదో గరగర ఆ దోమను కాస్తా మింగేస్తోంది.

మూడు డబ్బాల మంజూ మిఠాయి చంకన పెట్టుకుని యసుజీ గారు పొద్దున్నే బయల్దేరారు. ఉత్తచేతులతో వెళ్లి కరెంటు ఆపమంటే ఏం బావుంటుంది?

"మళ్లీ వేటేనా? పోయినసారి మా చేపలు చలికి వణికిపోయాయి!" అంది పక్కింటి త్సుకుదా గారు.

"ఒక్క నిమిషమేనమ్మా."

ఆవిడ ఇంటి మెయిను ఆపినా గరగర అలాగే ఉంది. మిగతా రెండిళ్లలోనూ అంతే. తొమ్మిదిన్నరకు మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చారు.

"ఏవండీ, మన మెయిను ఆపి చూశారా?" అంది భార్య ఫుమియే.

"మన ఇంట్లో గరగరా! నలభై ఏళ్ల అనుభవం నాది..."

"అనుభవం సంగతి కాదు. ఆపారా, లేదా?"

ఆవిడే వెళ్లి మెయిను దించేసింది. బ్యాటరీ రేడియో గప్‌చుప్!

మళ్లీ కరెంటు వేసి, ఆయన రేడియో పట్టుకుని గది గదీ తిరిగారు. కాలం చేసిన తన తల్లి ఫొటో ఉన్న పెద్దల పూజామందిరం ముందుకు రాగానే అది కీచుమంది. లోపల కరెంటు కొవ్వొత్తులు. బుధవారం ఆయన తన చేత్తో పెట్టినవే.

"నాలుగు రోజుల్నుంచీ అత్తయ్యగారు అరుస్తూనే ఉన్నారు, మీకే వినబడలేదు," అంది ఫుమియే, నవ్వాపుకోలేక. ఆ ప్లగ్గు పీకేసి మామూలు కొవ్వొత్తి వెలిగించింది.

సరిగ్గా పదింటికి దోమ మోగింది. "అన్నా, వినబడుతున్నానా? గరగర దొరికిందా?"

యసుజీ గారు మైకు నొక్కగానే వెనకనుంచి ఫుమియే గట్టిగా అంది: "దొరికింది అన్నయ్యగారూ! దొంగ ఇంట్లోనే ఉన్నాడు!"

హొక్కైడోలో కకిజాకి పడీపడీ నవ్వాడు. ఆ నవ్వు ఒక్క ముక్క కూడా పోకుండా వినబడింది.

ఇరవై ఎనిమిదో గరగరా, పదిహేను వందలో మాటా ఒక్క పొద్దునే! జిల్లా మొత్తంలో ఇంత ఘనత ఇంకెవరికుందో చెప్పండి.