ఒకటే పేరెట్టు

ఆ ఆదివారం మా అన్నయ్య గురువులు చేపల పులుసుతో అన్నం తిని, నేను మాటలు రాసే అంతరిక్షం సీరియల్ అయ్యేదాకా టీవీ ముందు కూర్చుని, తర్వాత నాకు ఫోన్ చేశాడు. నేను తీయలేదు. ఏం అడుగుతాడో తెలుసు. సోమవారం పొద్దున్న మల్కాపురంలో, ఇంటి అరుగు మీదే గుండె ఆగి పోయాడు.

అన్నయ్య పోర్టులో ముప్పై ఏళ్లు సిగ్నల్‌మన్. పైనున్న క్రేన్ డ్రైవరుకి ఓడ అడుగున ఏముందో కనబడదు. అన్నయ్య చెయ్యి ఎలా చెబితే సరుకు అలా దిగేది.

నేను హైదరాబాద్‌లో డబ్బింగ్ సీరియళ్లకు రాస్తాను. తెర మీద మనిషి పెదాలు కలిసినచోట ప, బ, మ పడాలి. అందుకే ఒకే చోటును ఒక వారం పాలపుంత అన్నాను, ఇంకో వారం గెలాక్సీ. తొందరలో సౌరకుటుంబం అనేసిన రోజులూ ఉన్నాయి. సీరియల్ అవగానే అన్నయ్య ఫోన్ చేసేవాడు.

“ఏటే సూర్యకళా, నీ సీరియల్లో ఓడోళ్లు పాలపుంతలోనే ఉన్నారా, గెలాక్సీకి ఎల్లిపోనారా?”

“రెండూ ఒకటే అన్నయ్యా.”

“మరి ఒకటే పేరెట్టు. ఇందాక ఆడెవుడో, రెండు కాంతి సంవత్సరాల నుంచి నీకోసం ఎదురుసూత్తన్నానన్నాడు. అది దూరమని నువ్వే సెప్పేవు. మైళ్ల లెక్కన ఎదురుసూత్తారేటే?”

నవ్వి, పెదాల సంగతి చెప్పాను.

“నాను ఒక సైగ రెండు రకాలుగా సేసుంటే కింద మనిషి మిగిలీవోడు కాదు,” అన్నాడు.

ఏడాదిన్నరగా నేను ఊరు వెళ్లలేదు. వీడియో కాల్ చేస్తే కట్ చేసి మామూలుగా చేసేవాడు. “నా మొకం ఏటి సూత్తావులే” అనేవాడు.

పోయే ముందు నెలలో మళ్లీ అదే అడిగితే విసుక్కున్నాను. “అదే అంతరిక్ష ఓడ, అవే మనుషులు. కళ్లు పెట్టి చూస్తే తెలుస్తుంది కదా అన్నయ్యా.”

“సరేలే. నాకోసం ఒకటే పేరెట్టే,” అన్నాడు.

అలాగే అన్నాను. మార్చలేదు. ఆ చివరి ఆదివారం భాగంలోనూ రెండు పేర్లున్నాయి.

పదకొండో రోజున వదిన గంగాలమ్మ టీవీ మీద గుడ్డ కప్పుతూ చెప్పింది.

“సుగరొచ్చి మీ అన్నకి రెండు కళ్లూ పోనాయమ్మా, ఏడాదయింది. నీకు సెప్పొద్దన్నాడు. టీవీ ఇనీవోడంతే. ఆళ్లు ఏ సోటికెళ్లేరో పేరుని బట్టే పోల్సుకునీవోడు.”