మావ ఆటపెట్టె

మొన్న ఆదివారం పొద్దున్నే కంచరపాలెం నుంచి మా అత్త ఫోన్ చేసింది. ఆవిడ ఫోన్ చేసిందంటే బంధువుల్లో ఎవరో ఒకరు ఆసుపత్రిలో చేరినట్టే లెక్క. అందుకని పళ్ళు తోముకుంటున్నవాణ్ణి నోట్లో నురుగుతోనే ఎత్తాను. "ఒరే, పెట్టి ఎలగనేదురా. ఓపాలి వొచ్చి సూడు," అంది. ఏ పెట్టె అత్తా, ఫ్రిజ్జా అన్నాను. "ఫ్రిజ్జుకి నిన్నెందుకు పిలుత్తాను, దానికి మెకానిక్కున్నాడు. మీ మావ పెట్టి," అని పెట్టేసింది. మావ పోయాక ఆ పెట్టెని ఎవరూ ముట్టుకోవడం లేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది వీడియో గేములు ఆడుకునే పెట్టె. నిలబడి ఆడుకునేంత ఎత్తుంటుంది. డెబ్భై దాటిన మా అత్తకి దానితో పనేమిటో బోధపడలేదు. వెళ్ళి వెనక చెక్క విప్పితే, లోపల కంప్యూటర్ని ఉప్పుగాలి తినేసింది. బోర్డంతా తుప్పు, రెండు బల్లిగుడ్లు. పాత ట్యూబు మానిటర్ మాత్రం ఇంకా బతికే ఉంది. కొత్త కంప్యూటర్ చూడాలత్తా అంటే, "సూడు మరి," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అలా ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఆ పెట్టెకి కంప్యూటర్ ఎంచవలసిన పని నా నెత్తినే పడింది.

ఆ పెట్టె సంగతి చెప్పాలంటే ముందు మా బావ సంగతి చెప్పాలి. మావ మా అమ్మకి తమ్ముడు. ఆయనకి ఒక్కడే కొడుకు. నాకంటే కాస్త పెద్ద, నాకు బావ. వాడికి స్వామి వెలసిన కొండ పేరే, సింహాచలం అని పెట్టారు. మా పేటలో ఆ పేరు పెట్టి కేకేస్తే నలుగురు పలుకుతారు, అందులో ఒక ఆడమనిషి కూడా ఉంటుంది. తొంభైల మొదట్లో వాడు ఐటీఐలో ఫిట్టర్ పని నేర్చుకునేవాడు. నేర్చుకునేవాడని ఇంట్లో అనుకునేవారు. రైలు పట్టాల పక్క సందులో ఒక వీడియో గేముల షాపుండేది, బావ అసలు చదువు అక్కడ. చీకటి గది, బీడీ కంపు, చెమట కంపు, నాలుగు పెట్టెలు ఒక్కసారే చేసే గోల. పక్కన గూడ్సు బండి వెళ్ళినా లోపలున్నవాళ్ళకి వినబడేది కాదు. బావ ఆడేది ఒకటే ఆట. నిలువు తెర మీద పైనుంచి విమానాలు వరసకట్టి దిగుతుంటాయి, కింద మనదొక్కటి ఉంటుంది. ఆట అయిపోయాక ఎక్కువ పాయింట్లు తెచ్చినవాళ్ళ పేర్లు తెర మీదకొస్తాయి. మన పేరూ పెట్టుకోవచ్చు గానీ మూడు ఇంగ్లీషు అక్షరాలే పడతాయి. అంత పెద్ద కొండ పేరునీ బావ ఎస్, ఐ, ఎమ్ అని కత్తిరించి అందరికంటే పైన కూర్చోబెట్టేవాడు.

చిక్కేమిటంటే ఆ పాత యంత్రాలకి జ్ఞాపకశక్తి లేదు. సాయంత్రం షాపువాడు కరెంటు ఆపగానే పేర్లన్నీ చెరిగిపోయేవి. మర్నాడు తెరిస్తే మళ్ళీ ఆట తయారుచేసినవాళ్ళు పెట్టిన పేర్లే ఉండేవి. బావ పొద్దున్నే పోయి మళ్ళీ మొదటినుంచి ఆడి రాసేవాడు. రోజూ చెరిగిపోయేదానికి ఎందుకు బావా ఇంత యాతన అంటే, "రోజూ తింతన్నావు గదా, నిన్న తిన్నది ఉందేటి?" అనేవాడు. వాడితో వాదించి గెలిచినవాళ్ళు మా ఇంటావంటా లేరు.

మావ హార్బర్లో క్రేన్ డ్రైవరు. ఓడలోంచి సరుకు ఎత్తి ఒడ్డున దించే క్రేన్. పని అయ్యాక మెయిన్ స్విచ్ కిందికి లాగకుండా కేబిన్ దిగకూడదన్నది ఆయనకి మొదటిరోజు నేర్పిన పాఠం. ఆ పాఠం ఆయన ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. ఇంట్లోంచి అడుగు బయట పెడితే చాలు, గుమ్మం పక్కనున్న మెయిన్ లాగేసేవాడు. భీమిలిలో పెళ్ళికి వెళ్ళొచ్చేసరికి ఫ్రిజ్జులోంచి నీళ్ళు గదంతా పారేవి. అత్త గుడ్డ పెట్టి తుడుస్తూ, "ఈ మనిసి నా ఊపిరికి కూడా మెయినుంటే ఆపి ఎల్తాడు," అనేది. ఆయనకి వినబడినా వినబడనట్టే ఉండేవాడు. అలాంటి మనిషికి వీడియో గేములంటే ఏం తెలుస్తుంది? ఒకసారి ఆ షాపుకొచ్చి, ఆడుతున్న బావని కాలరు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. తెర వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

ఆ ఏడు వానాకాలంలో మలేరియా మెదడుకెక్కి బావ పోయాడు. ఈ ఒక్క వాక్యం రాయడానికి ఇప్పటికీ నాకు చెయ్యి రాదు. కర్మకాండలన్నీ అయ్యాక, ఒక సాయంత్రం మావ తనంతట తనే ఆ షాపుకి వెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు. అక్కడ ఆడే కుర్రాళ్ళు ఆయన్ని చూసి పక్కకి జరిగారు. వాళ్ళే చెప్పారు, మీవాడి పేరు రోజూ అన్నిటికంటే పైన ఉండేదని. "ఏదీ, ఓపాలి సూపించండి," అన్నాడు మావ. షాపువాడు తల గోక్కున్నాడు. "ఉండదు బాబూ. మెయిన్ ఆపేత్తే పోద్ది," అన్నాడు. మెయిన్ ఆపడమంటే ఏమిటో తెలిసిన మనిషి మావ, ఇంకేమీ అడగలేదు. దారిలో మాత్రం, "ఆ దినం ఈడ్సుకొచ్చే ముందు ఓపాలి సూసుంటే బాగున్ను," అన్నాడు. తర్వాత ఎప్పుడు ఆ సందులోంచి వెళ్ళినా నాకు ఆ మాటే గుర్తొచ్చేది.

కొన్నాళ్ళకి ఆ షాపూ మూతపడింది. రెండువేల సంవత్సరం దాటాక, నేను కంప్యూటర్ కోర్సు చేసి డాబాగార్డెన్స్‌లో ఒక సెంటర్లో పాఠాలు చెప్పుకుంటున్నప్పుడు, పాత పెట్టెల్లో ఆడిన ఆటల్ని మామూలు కంప్యూటర్ మీద ఆడించే సాఫ్ట్‌వేర్ నా కంటబడింది. బావ ఆట అందులో ఉంది. అదే మోత, అవే విమానాలు. చూస్తూ చూస్తూ ఏడ్చేశాను, పక్కనున్న స్టూడెంట్లు కంప్యూటర్ పాడైందనుకున్నారు. పరుగున వెళ్ళి మావకి చెప్పాను. ఆయన అడిగింది ఒకటే. "మన గుంటడి పేరొత్తాదా?" ఆడి గెలిస్తే పెట్టుకోవచ్చు మావా, ఇందులో చెరిగిపోకుండా దాచుకోవచ్చు కూడా అన్నాను. "అయితే పెట్టి నాను సేత్తాను, కంప్యూటర్ నువ్వు సూడు," అన్నాడు.

ఓడల్లో యంత్రాలొచ్చే చెక్కపెట్టెల చెక్క తెచ్చి, సెలవురోజుల్లో పెరట్లో కూర్చుని చిత్రిక పట్టాడు. క్రేన్‌కున్నట్టే పెట్టె పక్కన కూడా కిందికి లాగే మెయిన్ ఒకటి బిగించాడు. మూతపడిన షాపు యజమాని దగ్గర బావ చేతులు అరగదీసిన స్టిక్కూ బటన్లూ దొరికాయి. ఇక కంప్యూటర్ కొనడానికి మావని తీసుకెళ్ళడం నేను చేసిన బుద్ధితక్కువ పని. షాపులో కుర్చీలో కూర్చుని, "ఇది ఎంత ఎత్తుతాది?" అని అడిగాడు. సేల్స్‌మన్ తెల్లమొహం వేశాడు. మావ అడుగుతున్నది కెపాసిటీ అని నేను విడమరిచి చెప్పాను. ఆ ఆట చాలా పాతది, దానికి సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ చాలు, కొత్తది దండగ అని నా వాదన. ఎత్తే మూటకంటే క్రేన్ బలం ఎప్పుడూ ఎక్కువుండాలని మావ వాదన. చివరికి రెండు పాత కంప్యూటర్లు పక్కపక్కన పెట్టించి, రెండింటినీ రెండు చేతులా ఎత్తి చూసి, బరువైనది తీసుకున్నాడు. మా అదృష్టం కొద్దీ లోపలి సరుకు కూడా దానిదే మెరుగు. పల్చటి తెర మాత్రం వద్దని నేను పట్టుబట్టాను. పాత ఆటలు ట్యూబు మానిటర్ మీదే కళగా ఉంటాయి. నిలువు ఆట కదా, మానిటర్ని పక్కకి పడుకోబెట్టి బిగిస్తామంటే సేల్స్‌మన్ గ్యారంటీ ఇవ్వనన్నాడు.

సాఫ్ట్‌వేర్ కూడా రెండు రకాలుగా ఉండేది. విండోస్ మీద నడిచేది చూడ్డానికి బాగుంటుంది గానీ మౌసు పట్టుకోవాలి, మెనూలు తెరవాలి. విండోస్ కంటే ముందుకాలపు డాస్ మీద నడిచేదైతే స్విచ్ వేయగానే తిన్నగా ఆటలోకి తీసుకెళుతుంది. మావకి అదే పెట్టాను. దానికి ఒక్కటే నియమం. కరెంటు ఆపేముందు ఆటని మూసెయ్యాలి. మూస్తేనే పేర్లు దాచుకుంటుంది. అందుకోసం పక్కన ప్రత్యేకంగా ఎర్ర బటన్ బిగించాను. మావ దాన్ని చూసి, "ఎర్రది ఎమర్జెన్సీకిరా, ఊరికే నొక్కకూడదు," అన్నాడు. తీసేసి పచ్చ బటన్ పెట్టాను.

ఆ పేరు ఫైల్లో నేనే రాసెయ్యగలను మావా, ఒక్క నిమిషం పని అని కూడా చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. "నువ్ రాత్తే నువ్ రాసినట్టు. ఆడి రాయాల," అన్నాడు. తీరా ఆడడం మొదలెడితే, స్టిక్కు కింద ఓడ సరుకు వేలాడుతున్నట్టు మెల్లగా, నిమ్మళంగా జరిపేవాడు. ఈయన విమానం పక్కకి తప్పుకునేలోపు ప్రాణం పోయేది. అత్త వంకాయలు కోస్తూ, "ఇంకా ఎంతసేపయ్యా సావడం," అనేది. వానాకాలమంతా అలాగే గడిచింది. చేతులు కుదరక కుదరక కుదిరాయి.

ఒక సాయంత్రం నేనక్కడ ఉండగానే మావ గెలిచాడు. పట్టికలో అన్నిటికంటే కింది వరసలో చోటు దొరికింది. స్టిక్కుతో అక్షరాలు తిప్పుకుంటూ ఎస్, ఐ, ఎమ్ పెట్టాడు. కేకేస్తే అత్త వంటింట్లోంచి తడిచేతులతో వచ్చింది. ఆవిడకి చదువు రాదు. "ఏదీ?" అంది. మావ వేలు పెట్టి చూపించాడు. "ఇదుగో, పాములాగున్నాది సూడు. ఇది కర్ర. ఇది రెండు కొండలు. మన గుంటడే." అత్త తెరమీద చెయ్యి పెట్టింది. ట్యూబు అద్దం మీద కరెంటు చెయ్యి పట్టి లాగినట్టుంటుంది, ఆవిడ ఉలిక్కిపడి మళ్ళీ పెట్టింది. చాలాసేపు తీయలేదు. మావ కళ్ళు తుడుచుకున్నాడు. పని అయింది అన్నట్టు పక్కకి జరిగాడు. ఆయన చెయ్యి పచ్చ బటన్ దగ్గరకి వెళ్ళలేదు. ముప్పై ఏళ్ళు కేబిన్ దిగుతూ వెళ్ళిన చోటికే వెళ్ళింది. మెయిన్ కిందికి లాగేశాడు. తెర ఒక తెల్లచుక్కయి ఆరిపోయింది.

అత్త చెయ్యి ఇంకా అద్దం మీదే ఉంది. "ఏటి, ఎలిపోనాడా?" అంది.

మావ తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడిపోయాడు. ఆ చేతిని అలా చూడలేకపోయాను. రేపే ఏదో ఒక ఏర్పాటు చేస్తాను మావా, దానంతటదే దాచుకునేలా మారుస్తాను అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఒగ్గీరా. ఆడు రోజూ రాసుకునీవోడు. నాను ఒక్కపాలి రాసి ఊరుకుంతే ఎలాగ?" అన్నాడు. రిటైరయ్యాక కూడా పోయేదాకా ఆయన సాయంత్రాలన్నీ అక్కడే గడిచాయి. రాయడం, అత్తని పిలిచి చూపించడం, మెయిన్ లాగడం. రాయలేకపోయిన రోజు అన్నం సరిగా తినేవాడు కాదు.

నిన్న అరచేతిలో పట్టే బుల్లి కంప్యూటర్ పట్టుకుని కంచరపాలెం వెళ్ళాను. మావ దాన్ని ఎత్తి చూస్తే షాపువాడి మొహాన కొట్టేవాడు. బిగించి స్విచ్ వేస్తే ఆట వెలిగింది, పేర్ల పట్టికా వచ్చింది. అత్త వచ్చి నిలబడి, కింది వరస మీద చెయ్యి పెట్టింది. అక్కడున్నవి ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ అక్షరాలు. చదువురాని మనిషి, ఇన్నేళ్ళూ కొడుకు పేరే అనుకుని రోజూ ముట్టుకుంటోందేమో అనిపించింది. ఉన్నాడత్తా అని అబద్ధమాడబోయాను.

"నేడురా," అంది ఆవిడే. "పాము నేదు, కొండలు నేవు. మీ మావ ఎలిపోయిన కాడి నుంచీ నేడు. నాకు తెల్దేటి?"

మరి రోజూ ఎందుకత్తా వెలిగించడం అన్నాను.

"ఎవులైనా ఆడితే గదా ఆడి పేరొచ్చీది. పెట్టి ఎలిగుంటే ఎవులో ఒకలు ఆడతారని."

ఇప్పుడు రెండు రకాలున్నాయత్తా, రాసిన పేరు ఎప్పటికీ చెరగనిదొకటి, మెయిన్ ఆపితే చెరిగిపోయేదొకటి, ఏది పెట్టమంటావని అడిగాను. "మీ మావది ఏటి?" అంది. చెరిగిపోయేదే అన్నాను. "అదే ఒగ్గీ," అంది. స్టిక్కు పట్టుకుని నిలబడ్డాను. నా విమానం మావ విమానం కంటే తొందరగా చచ్చింది, మళ్ళీ చచ్చింది. అత్త స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చుని వంకాయలు కోసుకుంది. నేను స్టిక్కు వదిలి బయల్దేరుతుంటే, "రేపు రా," అని తనే మెయిన్ లాగింది. పోయినవాడు ఎప్పుడో ఒక్కసారే పోయాడని ఇన్నేళ్ళూ అనుకున్నాను. వాడు ఆ ఇంట్లో రోజూ పోతున్నాడు, ఎవరో ఒకరు రాస్తే రోజూ వస్తున్నాడు. తిరిగి తిరిగి ఇన్నేళ్ళకి ఆ వంతు నా దాకా వచ్చింది.