అప్పన్న బూటులో మేకు

యాభై ఏళ్లకు పైగా ఒక మేకు మొనను దాచుకుని బతికాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నన్నెరగరు కాబట్టి.

అరవయ్యో దశకం చివరి రోజులు. తార్నాక మూల మీద నాది బూట్లు, చెప్పులు కుట్టే దుకాణం. బడికి పోలేదు. తడిసిన బూట్లలో కుక్కే పాత పేపర్లు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. యూనివర్సిటీ మైదానంలో ఫుట్‌బాల్ ఆడేవాళ్ల బూట్లన్నీ నా దగ్గరికే వచ్చేవి. అడుగున తోలు బిళ్లలు పేర్చి మేకులు కొట్టాక, లోపల చేయి పెట్టి మొనలు తడిమి చూడాలి. తడమకుండా బూటు ఇవ్వడం మా పనిలో లేదు.

ఆ మైదానంలో ఆడే అప్పన్న రంగూన్‌లో పుట్టినవాడు. అక్కడ ఆటకు జీతం తీసుకున్నవాడు. మనవాళ్లను వెళ్లగొడితే తల్లితో ఓడెక్కి వచ్చాడు. ఆమె ఇంకా విశాఖ దగ్గర కాందిశీకుల షెడ్డులోనే ఉంది. అలాంటప్పుడు కలకత్తా క్లబ్బు మనిషి ఒకాయన వచ్చాడు. ఒక్కడికే జీతం, గది ఇస్తామన్నాడు. చివరికి ఇద్దరు మిగిలారు: అప్పన్న, నా తమ్ముడు సాయిలు.

ఇద్దరిలో ఎవరో తేల్చే ఆట రోజు పొద్దున, మైదానానికి పోతూ అప్పన్న బూట్ల కోసం ఆగాడు.

“ఏంది బర్మా, కలకత్తా పోతే మమ్మల్ని యాది పెట్టుకుంటవా?” అన్నాను.

“జీతం రానీ అన్నా, అమ్మని తెచ్చుకున్నాక మొదటి జత మీచేతే కుట్టిస్తాను. లోపల చెయ్యెట్టి చూసేరా?”

అతని ముందే చేయి పెట్టాను. బొటనవేలి చోట మొన నా వేలికి గుచ్చుకుంది. నడకలో తెలియదు, పరుగులో తోలు నలిగి పైకొస్తుంది. ఒక్క సుత్తి దెబ్బ చాలు.

“సాఫ్ ఉన్నది. పో, టైమైతున్నది.”

“మీరు చూసేక మళ్లీ నేను చూడ్డం దేనికి!” నవ్వుతూ పోయాడు.

సగం ఆటకే సాక్సు ఎర్రబడింది. అయినా కుంటుతూ ఆడాడు. సాయిలు కలకత్తా పోయాడు. అప్పన్న కాలు చీము పట్టి బొటనవేలు తీసేశారు. తర్వాత లాలాగూడలో మూటలు మోశాడు. తల్లి ఆ షెడ్డులోనే పోయింది.

ఎందుకు చేశాను? తమ్ముడి మీద ప్రేమా? బయటోళ్లు వచ్చి మన కొలువులు తింటున్నారని వీధి వీధంతా రగులుతున్న రోజులవి. ఆ కోపం న్యాయమైనదేనని ఇప్పటికీ ఎవరితోనైనా కొట్లాడతాను, కానీ తలదాచుకునే చోటు కూడా లేనివాడి కాలి మీద దాన్ని తీర్చుకోవడం ఏం న్యాయం?

చెప్పులు కుట్టించుకోవడానికి వచ్చినప్పుడు అతనే నన్ను ఓదార్చాడు, మొన తర్వాత లేచిందేమోనని. నేను తలూపాను. ఆ తలూపడం ఇంకా పెద్ద పాపం.

అప్పన్న ఇప్పుడు లేడు. సాయిలు ఇది చదివితే చదవనీ. క్షమించమని అడగడానికి మనిషే లేడు.

మొన నా వేలికి తగిలింది. తగిలిందని ఇన్నాళ్లకు చెప్పాను.